రెండు వేసవుల కాపురం

ఏడాదికి ఆరు ఋతువులని మన పెద్దలు లెక్క కట్టి పెట్టారు. మాకు మాత్రం 2016 నుండి చలికాలమన్నదే లేకుండా పోయింది. బెంగళూరులో ఒక వేసవి, దాని వెనుక వానలు. ఆ వానలు తగ్గుముఖం పట్టగానే సిడ్నీలో మళ్ళీ వేసవి. దసరా వెళ్ళిన వారానికి మల్లేశ్వరంలోని ఇంటికి తాళం వేసి ఆస్ట్రేలియాలోని కుమారుని ఇంటికి చేరుతాము. ఉగాది ఇక పదిరోజులున్నదనగా అక్కడి తాళపుచెవి కోడలి చేతిలో పెట్టి తిరిగి వస్తాము. ఏడాదిలో సగం భూమధ్యరేఖకు ఈవల, సగం ఆవల. మా వీధివారు పరిహాసానికి మమ్ములను వలస కొంగలంటారు. కొంగలకు వీసాలూ, మోకాళ్ళ నొప్పులూ లేవు గనుక ఆ పోలిక పూర్తిగా అతకదు.

మన సంఘంలో ఇటువంటి కాపురం చేసేవారము ఇప్పుడు మేమొక్కరమే కాదు. నెల సమావేశానికి వచ్చిన పెద్దవారిని గమనించండి. "బాగున్నారా" అనే మాటకు బదులు "ఎప్పుడు వచ్చారు, మళ్ళీ ఎప్పుడు ప్రయాణం" అన్నదే కుశలప్రశ్న అయింది. అమెరికాకో ఇంగ్లండుకో వెళ్ళివచ్చే వారి సంగతి వేరు. అక్కడ చలి అయితే ఇక్కడా చలే, కాకపోతే ఎక్కువ తక్కువలు. భూగోళం క్రింది సగానికి వెళ్ళేవారికి కాలమే తిరగబడుతుంది. ఆ తిరకాసు ఎలా ఉంటుందో, అందులో సుఖమెంతో, చివరకు ఏమి తేల్చుకోవలసి వచ్చినదో మా అనుభవం కొద్దీ చెబుతాము. ఇందులో "మేము" అంటే భార్యాభర్తలం ఇద్దరమూ. ఒకరు చెబుతుంటే ఒకరు వ్రాశారు. అభిప్రాయాలు కలవని చోట ఆ మాట కూడా వ్రాశాము.

బెంగళూరు నుండి సిడ్నీకి సుమారు 9,300 కిలోమీటర్లు. మొదట్లో సింగపూరులోనో కౌలాలంపూరులోనో దిగి, విమానం మారి, ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసేవాళ్ళము. 2022 సెప్టెంబరులో క్వాంటాస్ వారి విమానం ఇక్కడి నుండి అక్కడికి తిన్నగా వెళ్ళడం మొదలయిన తరువాత సుమారు పన్నెండు గంటలలో దిగుతున్నాము. మా అబ్బాయి ఇల్లు నగరం నడిబొడ్డుకు పడమరగా 27 కిలోమీటర్ల దూరాన వెంట్‌వర్త్‌విల్ అనే పేటలో ఉన్నది. ఆ దాపునే ప్యారమాటా, హారిస్ పార్కు. రైలు దిగి నాలుగడుగులు వేస్తే కందిపప్పు, ఇడ్లీరవ్వ, గోంగూర పచ్చడి అమ్మే దుకాణాలు. 2021 నాటి జనాభా లెక్కలలో ఆ దేశంలో ఇంట తెలుగు మాట్లాడుతామని వ్రాయించుకొన్నవారు యాభై వేలకు పైబడ్డారు. కనుక మాటకూ తిండికీ అక్కడ బెంగలేదు. చిక్కు వచ్చేది దిక్కులతోనే.

సూర్యుడు ఉదయించడం తూర్పునే ఉదయిస్తాడు, అస్తమించడం పడమరనే. కాని మధ్యాహ్నం వేళ, అదీ ఏడాది పొడుగునా, ఉత్తరపు ఆకాశంలోనే ఉంటాడు. సిడ్నీ దక్షిణ అక్షాంశం 34 డిగ్రీల దగ్గర ఉన్నది గనుక ఆయన ఎన్నడూ ఆ ఊరి నడినెత్తికి రాడు. ఆయనకెదురుగా నిలబడితే మన కుడిచేతి వైపు నుండి ఎడమచేతి వైపుకు నడుస్తాడు. అక్కడ ఇల్లు అమ్మేవారు "ఉత్తరముఖం" అని ప్రకటనలలో గొప్పగా వేసుకొంటారు. చూచి మన వాస్తు అక్కడికీ ప్రాకిందనుకోరాదు. చలికాలంలో గదిలోకి ఎండ వస్తుందని వారి ఆనందం. ఒడియాలు పెట్టేవారు ఉత్తరపు పెరడు చూచుకోవాలి. డిసెంబరు నెలాఖరున పగలు పధ్నాలుగు గంటలకు మించి ఉంటుంది. అది చాలదన్నట్టు అక్టోబరు మొదటి ఆదివారం నాడు గడియారాలను ఒక గంట ముందుకు త్రిప్పుతారు, ఏప్రిల్ మొదటి ఆదివారం నాడు మళ్ళీ వెనుకకు త్రిప్పుతారు. మేము అక్కడ ఉండే కాలమంతా మన గడియారం కన్న వారిది ఐదున్నర గంటలు ముందు. రాత్రి భోజనం వేళకు కూడా ప్రొద్దు గుంకక, "ఇంకా సాయంకాలం దీపమే పెట్టలేదే" అని మాలో ఒకరు నొచ్చుకొంటూ ఉంటారు.

రాత్రి ఆకాశం మరీ వింత. ఇంటివారు పడుకొన్నాక పెరట్లో కుర్చీలు వేసుకొని చూస్తాము. చందమామలోని కుందేలు తలక్రిందులై కనబడుతుంది. కొత్త దంపతులకు మనం చూపే అరుంధతి ఆ ఊళ్ళో దిగంతం మీద ఒకటి రెండు డిగ్రీల ఎత్తుకు మించి రాదు. ఇళ్ళూ చెట్లూ అడ్డం గనుక కనబడదనే చెప్పాలి. ధ్రువనక్షత్రం అసలే లేదు. అయినా సిడ్నీలో తెలుగు పెళ్ళిళ్ళు జరుగుతూనే ఉన్నవి, పురోహితులు ఆకాశం వైపు చేయి చూపుతూనే ఉన్నారు, వధూవరులు తల ఊపుతూనే ఉన్నారు. ఆ మాటకు వస్తే బెంగళూరు కల్యాణమండపంలో పట్టపగలు పైకప్పు క్రింద చూపే అరుంధతిని మాత్రం ఎవరు చూచారు గనుక!

ఇక అగస్త్యుడు. మన ఊళ్ళో దక్షిణాన చెట్ల తలల మీద కనబడే ఆ నక్షత్రం సిడ్నీలో జనవరి రాత్రులలో దాదాపు నడినెత్తికి వస్తుంది. తాను తిరిగి వచ్చేదాకా వంగి ఉండమని వింధ్యపర్వతానికి చెప్పి, దక్షిణానికి పోయి, మరి తిరిగిరాని మహర్షి ఆయన. ఆయనకు తోడు త్రిశంకువు. ఆంగ్లేయులు దక్షిణపు శిలువ అని పిలిచే చుక్కల గుంపును మనవారు త్రిశంకువన్నారు. ఆస్ట్రేలియా జెండా మీద ఉన్నది అదే. భూమికీ స్వర్గానికీ నడుమ వ్రేలాడిన మన రాజు ఒక దేశపు జెండాకెక్కి కూర్చున్నాడు! తిరిగిరానివాడు ఒకరు, ఎటూ కానివాడు ఒకరు. ఇద్దరినీ ఒకేసారి చూచి మాలో ఒకరు నవ్వుతారు. మరొకరికి నవ్వు రాదు.

సుఖాలు కూడా చెప్పాలి. మా అంతగా జాకరండా పూలు చూచినవారు అరుదు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఆ చెట్టు రెండు నగరాలకూ పరాయిదే. ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలో లాల్‌బాగ్ తోటల పెద్దగా ఉన్న జర్మను దొర క్రుంబీగల్, బెంగళూరు వీధులలో ఒక చెట్టు పూత ముగిసేసరికి మరొకటి పూసేటట్లు చెట్లు నాటించారు. మేము ఊరికి చేరే మార్చిలో జాకరండాలు ఊదారంగున విరగబూసి ఉంటవి. సిడ్నీలో అదే చెట్టు అక్టోబరు చివర మొదలుపెట్టి నవంబరంతా పూస్తుంది. అటు నుండి మనకు వచ్చినవీ ఉన్నవి. కాఫీతోటలలో నీడకు పెంచే సిల్వరోకు, నీలగిరి చెట్టు అని మనం పేరు పెట్టుకొన్న యూకలిప్టసు, రెండూ ఆస్ట్రేలియావే. నంది కొండ మీద టిప్పు సుల్తాను కాలంలోనే యూకలిప్టసు నాటించారని చెబుతారు. సిడ్నీలో వాన వెలిసిన తరువాత ఆ ఆకుల వాసన వస్తే మాకు కోలారు రోడ్డు గుర్తుకు వస్తుంది.

మామిడిపళ్ళు కూడా ఏడాదికి రెండు కాపులు. డిసెంబరులో క్వీన్స్‌లాండు పళ్ళు, మే నెలలో మన బాదామి, రసపూరి. అక్కడ పేరుపడిన కెన్సింగ్టన్ రకం, పూర్వం మన దేశానికి గుర్రాలు తెచ్చి అమ్మిన ఓడల వెంట వెళ్ళినదని అంటారు. నిజమయితే అది కూడా మా వంటిదే. మాలో ఒకరు ఆ పండును మెచ్చుకొంటారు. మరొకరు పప్పులో వేయడానికి తప్ప పనికిరాదంటారు.

పండుగల దగ్గర కొంచెం సర్దుకోవాలి. సంక్రాంతి అక్కడ నడి వేసవి. 2020 జనవరి 4వ తేదీన సిడ్నీ పడమటి పేట పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీల ఎండ కాచినది. అంతకు ముందు నుండే అడవులు తగలబడుతున్నవి. ఎన్నో రోజులు నగరమంతా పొగ. అట్టి ఏడాది భోగిమంట అనే మాట ఎవరి నోటా రాలేదు. దేవుని దగ్గర ఒక ప్రమిద వెలిగించి అదే భోగిమంట అనుకొన్నాము. మనుమరాలికి అప్పటికి ఐదు నెలలు. రేగుపళ్ళు దొరకక, అక్కడ ఆ నెలలో విరివిగా వచ్చే చెర్రీపళ్ళు చిల్లరడబ్బులతో కలిపి తల మీద పోశాము. పసిపిల్లకు ఏ పండయితేనేమి; కేరింతలు కొట్టింది.

నగరానికి దక్షిణంగా, అడవి అంచున, హెలెన్స్‌బర్గ్ వద్ద 1985లో ప్రతిష్ఠ జరిగిన వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా మా పెద్దవాళ్ళ గోష్ఠిలో ఒక తర్కం వస్తుంది. సంకల్పంలో మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పాలి గదా. బెంగళూరులో నైరుతి అనేవాళ్ళము సిడ్నీలో ఆగ్నేయం అంటే సరిపోతుంది. ఋతువు మాటేమిటి? బయట ఆకులు రాలుతుంటే చైత్రమాసమని వసంతఋతువు అనడమా, కిటికీలోనుంచి చూచి ఉన్న ఋతువు చెప్పడమా? ఈ తర్కం ప్రసాదం అయ్యేదాకా సాగి, ప్రసాదంతో ముగుస్తుంది.

ఈ ప్రశ్నకు మాకు మారిషస్ తెలుగువారి పద్ధతి నచ్చినది. 1834 తరువాత చెరకు తోటలలో ఒప్పందపు కూలికి ఓడలెక్కిన వారి సంతతి వారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివారు తెలుగువారిని "కోరంగీలు" అన్నారు. కోరంగి ఎంత దగ్గరో యానాం సభ్యులకు చెప్పనక్కరలేదు. మారిషస్ కూడా భూమధ్యరేఖకు క్రిందనే ఉన్నది. చైత్రం వారికి వేసవి వెళ్ళిపోయే కాలం. అయినా తరతరాలుగా వారు ఉగాదిని చైత్ర శుద్ధ పాడ్యమి నాడే చేసుకొంటున్నారు. నేడు అది ఆ దేశంలో ప్రభుత్వపు సెలవుదినం. వాతావరణాన్ని వదలి చంద్రుణ్ణి పట్టుకొన్నారు. 1860లో మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, 1903 నుండి ఫిజీకి వెళ్ళిన దక్షిణాదివారిలో కూడా మనవారున్నారు. వారిలో ఎంతోమందికి ఓడ ఎక్కిననాడే మొదటి ఇల్లు ముగిసిపోయింది. రానూ పోనూ టిక్కెట్టు చేతిలో పెట్టుకొని మా కష్టాలు చెప్పుకొనేటప్పుడు మేము వారిని తలచుకొంటాము.

ఆ కష్టాలలో మొదటిది తాళం. ఆరు నెలలు మూసిన ఇల్లు ఊరుకొనే ఇల్లు కాదు. తులసికి నీళ్ళెవరు పోస్తారు, బోరు మోటారు వారానికొకసారి ఎవరు త్రిప్పుతారు, కందాయం ఎప్పుడు కట్టాలి, చెదలు పట్టకుండా పుస్తకాల బీరువా ఎలా, ఇవన్నీ ఒక కాగితం మీద వ్రాసి పొరుగావిడకు ఇస్తాము. ఫించను వారికి నవంబరులో బ్రతికి ఉన్నామని ధ్రువపత్రం కావాలి; 2014 నుండి అది డిజిటల్‌గా ఇచ్చే వీలు కలిగినందున ఆ నెలలో పరుగెత్తుకొని రానక్కరలేకపోయింది. మందులు అక్కడికి మూడు నెలలకు సరిపడా మాత్రమే, డాక్టరు చీటీతో సహా తీసుకువెళ్ళనిస్తారు. తక్కిన మూడు నెలలకు అక్కడి డాక్టరును చూడవలసిందే. తినుబండారాలన్నీ విమానాశ్రయంలో కాగితం మీద వ్రాసి చూపాలి. విత్తనాలు, పచ్చి కరివేపాకు రెబ్బ దగ్గర వారికి దయాదాక్షిణ్యాలు లేవు. బయటి నుండి ఒక పురుగు వస్తే ఆ దేశపు పంటలకు ఏమవుతుందోనన్న భయం వారిది. అది న్యాయమైన భయమే.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది 2020లో వచ్చినది. ఎప్పటివలె మార్చి రెండవ వారంలో మల్లేశ్వరానికి వచ్చి తలుపులు తీశాము. ఆ నెల 20న ఆస్ట్రేలియా తన పౌరులకు, స్థిరనివాసులకు తప్ప ఇతరులకు సరిహద్దులు మూసినది. ఒకటి రెండు రోజులకే మన దేశం అంతర్జాతీయ విమానాలను ఆపినది. 25న, శార్వరి నామ సంవత్సర ఉగాది నాడు, దేశమంతటా లాక్‌డౌను మొదలయినది. ఎనిమిదో క్రాసు పూలబజారులో మామిడాకులు కొనేవారు లేరు. 2021 మే నెలలో అయితే, రెండు వారాలపాటు, మన దేశంలో ఉన్న ఆస్ట్రేలియా పౌరులను కూడా వారి దేశం రానివ్వలేదు. 2022 ఫిబ్రవరి 21న తలుపులు తెరిచారు గాని, మాలో ఒకరికి మోకాలి శస్త్రచికిత్స జరిగి ఉండడం చేత అక్టోబరు దాకా కదలలేకపోయాము.

ఏడు నెలల పిల్లగా వదలివచ్చిన మనుమరాలు మూడేళ్ళది అయి విమానాశ్రయానికి వచ్చినది. మమ్ములను చూచి గుర్తుపట్టింది. గుర్తుపట్టి దగ్గరకు రాక, మాలో ఒకరి పాదాల వైపు చూచి వాళ్ళ నాన్నతో, "అవ్వకు కాళ్ళున్నాయి!" అన్నది. రెండున్నరేళ్ళుగా ఫోనులో భుజాల దాకానే చూచినది. ఆ మాటకు అందరమూ నవ్వాము. ఇంటికి వెళ్ళిన తరువాత మా ఇద్దరికీ చాలాసేపు నిద్ర పట్టలేదు. రెండిళ్ళు ఉన్నవనుకొన్నాము, నిజానికి మనకు ఉండేది రెండిళ్ళ మధ్య ఒక దారి. ఆ దారి మన చేతిలో లేదు.

మా కుటుంబానికి ఇది కొత్త పాఠం కాదు. మా తాతగారు పుంగనూరు దగ్గరి పల్లె నుండి వచ్చి బెంగళూరులో ఒక మిల్లులో గుమాస్తాగా చేరారు. పని చాలించిన తరువాత ఆయన కూడా ఏడాదిని రెండుగా పంచుకొన్నారు. విత్తు వేసే నాటి నుండి శెనక్కాయలు ఇంటికి వచ్చేదాకా పల్లెలో. తక్కిన కాలం మల్లేశ్వరంలో. ములబాగలు మీదుగా బస్సు ప్రయాణం. మూటలో ఒకవైపు చింతపండు, మరొకవైపు కాఫీపొడి. ఒక ఏడు జ్వరంతో తిరిగివచ్చారు. అదే చివరి ప్రయాణమని ఆయనకూ తెలియదు, ఇంట్లోవారికీ తెలియదు. పల్లెలో ఇంటికి వేసిన తాళం అలాగే ఉండిపోయింది. మిద్దె కారింది, దూలాలు పోయినవి, చింతచెట్టు ఎవరో కొట్టుకొన్నారు. మా నాన్నగారు ఆ ఊరికి చుట్టంగా వెళ్ళేవారు. మాకు దారి తెలుసు. మా అబ్బాయికి ఊరి పేరు తెలుసు. మనుమరాలికి అదీ తెలియదు. రెండిళ్ళన్నవి ఒక తరానికే. ఆ తరువాత తరానికి ఒకటే మిగులుతుంది. అది ఎవరి తప్పూ కాదు. కాని తాళం వేసినవాడికి అది చివరి తాళమని తెలిస్తే, దూలాలు విప్పి ఎవరికైనా ఇచ్చి ఉండేవాడు; చెట్టు ఎవరిదో చెప్పి ఉండేవాడు.

సిడ్నీ ఒలింపిక్ పార్కు ప్రక్కన, ప్యారమాటా నది పాయల దగ్గర, నీటిపక్షుల కొరకు వదలిన మడుగు ఒకటి ఉన్నది. రైలులో వెళ్ళి అక్కడి బల్లల మీద కూర్చోవడం మాకిష్టం. వేసవిలో గాడ్‌విట్ అనే పొడుగు ముక్కు పక్షులు బురదలో మేస్తుంటవి. అవి ఉత్తరార్ధగోళపు కొసన, అలాస్కా వైపు నుండి వస్తవి. 2022 అక్టోబరులో ఆ జాతి పక్షి ఒకటి, అయిదు నెలల వయస్సుది, అలాస్కా నుండి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు పదకొండు రోజులలో ఎక్కడా దిగకుండా వచ్చినట్లు దాని ఒంటికి కట్టిన యంత్రం వల్ల తెలిసినది. మేము ప్రత్యక్షంగా ఎరిగిన ప్రయాణీకులలో ఇంత ఓపిక ఎవరికీ లేదు. అయితే ఆ పక్షి గూడు పెట్టేది అలాస్కా వైపునే. ఇక్కడకు వచ్చేది మేతకు. ఎంతకాలం ఉన్నా ఇక్కడ ఒక్క గ్రుడ్డూ పెట్టదు. ఆ మడుగు దగ్గర కూర్చొనే మేము మొదటిసారి బయటికి అనుకొన్నాము, ఇక ఒకచోట ఆగవలసి ఉంటుందని.

ఎక్కడ ఆగాలన్న దగ్గర మా మాటలు కలవలేదు. మాలో ఒకరిది బెంగళూరు పక్షం. సిడ్నీలో ఉదయం ఏడున్నరకు కార్లు వెళ్ళిపోయిన తరువాత వీధిలో పక్షులు తప్ప ప్రాణి ఉండదు. ఎక్కడికి కదలాలన్నా అబ్బాయి కారు కావాలి. మల్లేశ్వరంలో ఏడింటికి గుమ్మంలోని పాలప్యాకెట్టు తీయకపోతే పొరుగావిడ తలుపు తడుతుంది. మరొకరిది సిడ్నీ పక్షం. "తలుపు తట్టే మనిషి మంచిదే, అవ్వా అని పిలిచేది అక్కడ ఉన్నది గదా" అని ఒకే మాట. దానికి జవాబు లేదు. శనివారం నాడు ఆ వీధి పిల్లలను నలుగురిని కూర్చోబెట్టి అ ఆలు దిద్దించేదీ ఆవిడే. కనుక అక్కడ ఆవిడ చుట్టం కాదు, రాకపోతే అడిగేవారున్నారు.

చట్టాలు కొంత తీర్పు చెప్పినవి. తల్లిదండ్రులకు శాశ్వత నివాసం కొరకు సాధారణపు వరుసలో నిలబడితే దాదాపు ముప్పై ఏళ్ళు పడుతుంది; డెబ్బయి దాటినవాడు ఆ వరుసలో నిలబడడం హాస్యానికే. డబ్బు ఎక్కువ పోసి నిలబడే వరుస ఇంకొకటి ఉన్నది గాని అదీ ఏళ్ళ తరబడే. 2019లో ప్రవేశపెట్టిన తాత్కాలిక వీసా మూడేళ్ళకో ఐదేళ్ళకో ఇస్తారు, మొత్తం మీద పదేళ్ళకు మించదు. రుసుము వేల డాలర్లు, వైద్యానికి భీమా మన ఖర్చు. తక్కిన తీర్పు మా తాతగారి తాళం చెప్పినది. నడవగలిగి ఉండగానే తేల్చుకోవాలి, చివరి ప్రయాణాన్ని చివరిదని తెలిసి చేయాలి.

అందుచేత మేము అనుకొన్నది ఇది. ఇంకొక్క వేసవి మాత్రం ఆరు నెలలకు వెళ్తాము. ఆ ఆరు నెలలలో శనివారపు పిల్లలను, వారిలో ఒకరి తల్లికి అప్పగించి వస్తాము. ఆ అమ్మాయి ఒప్పుకొన్నది. పెరట్లో కుండీలోని కరివేపాకు మొక్కను నేలలోకి మార్చి వస్తాము. ఆ తరువాత కాపురం మల్లేశ్వరంలోనే. ఈ ఇంటిని పడగొట్టి అపార్టుమెంట్లు కడతామని అడుగుతున్నవారికి ఇప్పుడు కాదన్నాము. మా తరువాత ఏమి చేయాలో అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెట్టి కాగితం మీద వ్రాసి పెట్టాము. సిడ్నీ పక్షంవారు ఒక షరతు మీద ఒప్పుకొన్నారు. అక్కడ బడులకు పెద్ద సెలవులు డిసెంబరు మధ్య నుండి జనవరి చివర దాకా. ఆ సెలవులలో మనుమరాలిని ప్రతి ఏడూ పంపాలి. "వీలయినప్పుడు" అన్న మాట ఒప్పుకొనేది లేదు. కోడలు, "అలాగే అత్తమ్మా" అని మొదటి ఏటి టిక్కెట్టు గూర్చి అప్పుడే అడగడం మొదలుపెట్టింది. ఇక ప్రయాణం చేయవలసిన వంతు చిన్న కాళ్ళది.

దూరదేశాలలో పిల్లలున్న సభ్యులు, ముఖ్యంగా ఈ ప్రశ్నను ఇంకా రేపటికి వాయిదా వేస్తున్నవారు, మోకాళ్ళు సహకరిస్తుండగానే ఒక సాయంకాలం కూర్చొని మాట్లాడుకోవాలని మా విన్నపం. ఏ ఊరిలో ఆగాలన్నది ఎవరి ఇంటిది వారిదే. వేరు విధంగా తేల్చుకొన్నవారు ఈ పత్రికకు వ్రాస్తే మాకూ సంతోషం.

మేము మాత్రం మేడ మీది గదికి సున్నం కొట్టిస్తున్నాము. జనవరిలో బెంగళూరులో అనపకాయలు దండిగా వస్తవి. పితికిపప్పు పులుసు తినడం ఆ పిల్లకు నేర్పాలి. సంక్రాంతికి నువ్వులూ బెల్లం ఇంటింటికీ పంచడానికి దానిని మా వీధిలో త్రిప్పాలి. పండుగ మరునాడు ములబాగలు మీదుగా ఆ పల్లెకు వెళ్తాము. ఇల్లు లేదు గాని ముందటి వేపచెట్టు ఇంకా ఉన్నది.